ఇంగ్లిషులో గంతుల క్రియలు

గెంతడం, దూకడం, చిందులు వేయడం, ఉరకలెత్తడం, మెలికలు తిరగడం లాంటి చలాకీ కదలికలను చెప్పే ఇంగ్లిషు క్రియలది పెద్ద కుటుంబం. జంప్, లీప్, హాప్, స్కిప్, బౌండ్, స్ప్రింగ్, వాల్ట్, ఫ్రిస్క్, ఫ్రాలిక్, గాంబల్, కేపర్, ప్రాన్స్, కవోర్ట్, రోంప్, స్కాంపర్, విగిల్ ఇందులో ముఖ్యమైనవి. నిఘంటువులో ఇవి ఒకదానికొకటి పర్యాయపదాలు. వాడుకలో మాత్రం ఒకటి ఉండాల్సిన చోట ఇంకొకటి ఒదగడం అరుదు. కాళ్లు ఏం చేస్తున్నాయి, ఆ కదలిక ఏ జంతువును తలపిస్తోంది, కదిలేవారి మనసు ఎలా ఉంది అనే మూడు సంగతులు ఒక్క క్రియలోనే ఇమిడి ఉండటం వీటి ప్రత్యేకత. తెలుగులో ఈ సమాచారం సాధారణంగా క్రియలో ఉండదు. దాని పక్కన నిలిచే 'చెంగుచెంగున', 'గునగున', 'తుర్రున' లాంటి మాటల్లో ఉంటుంది. ఈ క్రియలను తెలుగులోకి తేవడంలోని కష్టమూ అందమూ ఈ తేడా నుంచే పుడతాయి.

వర్గీకరణ

ఇంగ్లిషు మాటలను అక్షరక్రమంలో కాక భావాల వారీగా గుదిగుచ్చిన తొలి ప్రసిద్ధ గ్రంథం పీటర్ మార్క్ రోజె కూర్చిన 'థెసారస్'. వైద్యుడైన రోజె 1805లో సొంత అవసరానికి మొదలుపెట్టిన జాబితా 1852లో అచ్చయింది. అందులోని వెయ్యి శీర్షికల్లో 'లీప్' ఒకటి. దుమకడానికి సంబంధించిన మాటలన్నీ ఆ గొడుగు కిందికి చేరాయి. సి.పి.బ్రౌన్ తెలుగు–ఇంగ్లిషు నిఘంటువు వెలువడింది కూడా 1852లోనే. ఒకరు ఒక భావానికి ఎన్ని మాటలున్నాయో లెక్కపెడితే, మరొకరు ఒక్కో తెలుగు మాటకు ఇంగ్లిషులో ఎన్ని ముఖాలున్నాయో వెతికారు.

ఆధునిక భాషాశాస్త్రంలో ఈ క్రియలకు స్థిరమైన వర్గాలు ఏర్పరచినవారు బెత్ లెవిన్. ఇంగ్లిషు క్రియావర్గాలపై 1993లో వచ్చిన ఆమె గ్రంథం మూడు వేలకు పైగా క్రియలను పరిశీలించింది. కదిలే తీరును చెప్పే క్రియలను ఆమె 'రన్ క్రియలు' అనే వర్గంలో చేర్చారు. వీటి సంఖ్య వంద దాటుతుంది. కవోర్ట్, ఫ్రాలిక్, గాంబల్, ప్రాన్స్, రోంప్, స్కిప్ అన్నీ ఇందులోవే. నాట్యరీతుల పేర్ల నుంచి వచ్చిన వాల్ట్జ్, జిగ్, జైవ్ వేరే వర్గం. ఉన్నచోటు విడవకుండా ఒంటిని మాత్రమే కదిలించే ఫిడ్జెట్, స్క్వర్మ్, విగిల్, వాబుల్ ఇంకో వర్గం. ఈ విభజనకు ఆధారం వాక్య నిర్మాణమే. స్కిప్, స్కాంపర్ లాంటి క్రియల పక్కన 'గదిలోకి', 'వీధి దాటి' లాంటి దిక్కు తేలిగ్గా ఇముడుతుంది. ఫిడ్జెట్ పక్కన ఇమడదు.

పాదాల లెక్క

హాప్, స్కిప్, జంప్ మూడింటికీ తెలుగు విద్యార్థి సాధారణంగా 'గెంతు' అనే రాసుకుంటాడు. ఇంగ్లిషు మాత్రం వీటిని పాదాల లెక్కతో విడదీస్తుంది. హాప్ అంటే ఒంటికాలితో గెంతి అదే కాలి మీద దిగడం, లేదా పిచ్చుకలా, కుందేలులా కాళ్లన్నీ కలిపి చిన్నగా ఎగరడం. స్కిప్ అంటే ఒక అడుగు, అదే కాలితో ఒక చిన్న గెంతు, మళ్లీ రెండో కాలితో ఒక అడుగు, ఒక గెంతు. అంటే అది ఒక్క గంతు కాదు, నడకలాగా సాగే లయ. బడి వదలగానే పిల్లలు ఇంటికి వెళ్లే చిందు నడక అదే. ఐదారేళ్లు వచ్చేదాకా చాలామంది పిల్లలకు ఈ లయ పట్టుబడదు. పెద్దయ్యాక మనిషి దాన్ని దాదాపుగా వదిలేస్తాడు. 1969–72 మధ్య చంద్రుడి మీద దిగిన అపోలో వ్యోమగాములు మాత్రం పెద్దవాళ్లై ఉండీ ఇలాంటి గెంతు నడకలకే మళ్లారు. భూమి ఆకర్షణలో ఆరో వంతు మాత్రమే ఉన్న చోట మామూలు నడక కుదరదు.

ఈ తేడాలను నిబంధనలుగా మార్చిన ఆట ట్రిపుల్ జంప్. దాని పాత పేరే 'హాప్, స్టెప్ అండ్ జంప్'. పరుగున వచ్చిన ఆటగాడు ఏ కాలితో ఎగిరాడో మొదట ఆ కాలి మీదే దిగాలి, అది హాప్. తర్వాత రెండో కాలి మీద దిగాలి; అది స్టెప్. అక్కడి నుంచి ఇసుకలోకి దూకడం జంప్. 1995 ఆగస్టు 7న స్వీడన్‌లోని యోటెబోరిలో బ్రిటన్ ఆటగాడు జోనథన్ ఎడ్వర్డ్స్ ఈ మూడు అంగల్లో 18.29 మీటర్లు దాటాడు. ఈ మూడు కదలికల్లో ఒకదాని బదులు ఇంకోటి చేస్తే ఈ ఆటలో ఆ ప్రయత్నం చెల్లదు.

పిల్లల ఆటల్లోనూ ఇదే కనిపిస్తుంది. తెలుగు వాకిళ్లలో ఆడపిల్లలు గీతలు గీసి ఆడే తొక్కుడుబిళ్లకు ఇంగ్లిషు చుట్టం 'హాప్‌స్కాచ్'. ఈ పేరులోని 'స్కాచ్'కు స్కాట్లాండ్‌తో సంబంధం లేదు. అది నేల మీద గీసిన గీతకు పాత మాట. గీతలు తొక్కకుండా ఒంటికాలితో గెంతే ఆట అని దాని అర్థం. మనవాళ్లు బిళ్లను చూసి పేరు పెడితే, వాళ్లు గెంతునూ గీతనూ చూసి పెట్టారు.

లీప్, బౌండ్, స్ప్రింగ్, వాల్ట్ ఇంకొంచెం పెద్ద కదలికలు. లీప్‌లో ఎత్తు, దూరం, కొంత సాహసం ఉంటాయి. బౌండ్ అంటే లేడిలా వరసగా పెద్దపెద్ద అంగలు వేస్తూ పోవడం. స్ప్రింగ్‌లో కూర్చున్నవాడు చివాలున లేచినట్టు ఒక్కసారిగా ఎగసే శక్తి ఉంటుంది. చేతులనో కర్రనో ఊతంగా చేసుకుని అడ్డును దాటితే అది వాల్ట్. పోల్ వాల్ట్ పేరు అలా వచ్చిందే.

మేక, గుర్రం, కాలు

ఇంగ్లిషు చాలా భాషల నుంచి మాటలు తెచ్చుకున్న భాష. గంతుల్లోనూ అంతే. హాప్, లీప్, స్ప్రింగ్ ప్రాచీన ఇంగ్లిషు నాటివి. లీప్‌కు జర్మన్‌లోని దాయాది 'లౌఫెన్'. అక్కడ దాని అర్థం పరుగెత్తడం. స్కిప్ స్కాండినేవియా వైపు నుంచి వచ్చిందని పండితుల అభిప్రాయం. మిగిలినవాటిలో ఎక్కువ భాగం ఫ్రెంచి, ఇటాలియన్, డచ్ భాషల నుంచి, ముఖ్యంగా 15, 16 శతాబ్దాల్లో వచ్చి చేరాయి.

కేపర్ అంటే నవ్వు పుట్టించేలా గంతులు వేయడం. ఇది 16వ శతాబ్దంలో 'కాప్రియోల్' అనే మాట కుదించుకుపోయి ఏర్పడిందని చెబుతారు. దాని మూలం ఇటాలియన్ 'కాప్రియోలా', అంటే మేక గంతు. లాటిన్‌లో 'కాప్రా' ఆడమేక. గుర్రపుస్వారీ కళలో గుర్రం నేల విడిచి గాలిలోకి ఎగిరి వెనక కాళ్లు చాచి తన్నే విన్యాసాన్ని ఇప్పటికీ కాప్రియోల్ అనే అంటారు. వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్‌లో తెల్లని లిపిజానర్ గుర్రాలు చేసే ప్రసిద్ధ విన్యాసాల్లో అదొకటి. ఫ్రెంచివాళ్లు ఇదే మేక గంతును 'కాబ్రియోల్' అన్నారు. ఎగుడుదిగుడు దారిలో తేలిగ్గా ఎగిరెగిరి పడుతూ పోయే రెండు చక్రాల గుర్రపుబండికి 'కాబ్రియొలె' అని పేరు పెట్టారు. 19వ శతాబ్దంలో లండన్ వాసులు దాన్ని 'క్యాబ్' అని కుదించారు. ఇవాళ హైదరాబాదులో ఫోన్ మీద వేలు నొక్కి పిలిచే క్యాబ్‌లో ఒక మేకపిల్ల గంతు దాగి ఉంది. నగరం గుంతల్లో ప్రయాణించినవారికి ఆ పేరు ఎంత సార్థకమో వేరే చెప్పనక్కర్లేదు. ఊరగాయగా నిలవ చేసే కేపర్ మొగ్గలకు మాత్రం ఈ మేకతో చుట్టరికం లేదు. అది గ్రీకు నుంచి వచ్చిన వేరే మాట.

గాంబల్ పుట్టింది ఇటాలియన్ 'గాంబా' నుంచి. దాని అర్థం కాలు. గొర్రెపిల్లలు పచ్చికలో కాళ్లు ఎగరేసి ఆడటానికి ఇది అచ్చంగా సరిపోయే మాట. కాళ్ల మధ్య పట్టుకుని వాయించే 'వయొలా ద గాంబా' వాద్యం పేరులోనూ, తలుపు పక్క నిలువు కమ్మీకి ఇంగ్లిషులో ఉన్న 'జాంబ్' అనే పేరులోనూ ఉన్నది ఈ కాలే. జూదమాడటాన్ని చెప్పే గ్యాంబుల్‌నూ ఈ మాటనూ ఇంగ్లిషువాళ్లు దాదాపు ఒకేలా పలుకుతారు. అందుకే మాటల ఆటలు ఆడేవారికి ఈ జంట ఇష్టం.

ప్రాన్స్ గుర్రానిది. ముందరి కాళ్లు ఎత్తెత్తి వేస్తూ ఠీవిగా నడిచే గుర్రాన్ని చెప్పడానికి 14వ శతాబ్దం నుంచి వాడుకలో ఉంది. దీని పుట్టుక తేలలేదు. కవోర్ట్ 18వ శతాబ్దం చివర అమెరికాలో కనిపించింది. గుర్రపు విన్యాసం పేరైన 'కర్వెట్' చెడి ఇలా మారి ఉండవచ్చని ఊహ. రోంప్ 'ర్యాంప్'కు రూపాంతరమని చెబుతారు. పాత ఫ్రెంచిలో 'రాంపే' అంటే పాకి ఎక్కడం, ముందరి కాళ్లెత్తి నిలబడటం. యూరప్ రాజచిహ్నాల్లో పంజా ఎత్తి నిలిచిన సింహాన్ని 'ర్యాంపెంట్' అనేది ఇందుకే. ఫ్యాషన్ ప్రదర్శనల ర్యాంప్, ఆసుపత్రి మెట్ల పక్క వాలుగా కట్టే ర్యాంప్ కూడా ఈ ఇంటివే.

ఫ్రిస్క్‌కు మూలం పాత ఫ్రెంచి విశేషణం 'ఫ్రిస్క్'. దానికి చలాకీ అని అర్థం. ఒంటి నిండా చేతులు చకచకా ఆడించి తడిమి చూడటం అనే పోలీసు సోదా అర్థం తర్వాతి కాలంలో వచ్చింది. ఫ్రాలిక్ డచ్ మాట 'ఫ్రోలెక్' నుంచి, ఉల్లాసంగా అనే విశేషణంగా 16వ శతాబ్దంలో ప్రవేశించి ఆ తర్వాత క్రియ అయింది. అందుకే ఫ్రాలిక్‌లో కాళ్ల లెక్క లేదు. అందులో ఉన్నదంతా మనసులోని సంబరమే.

రిజల్ట్‌లో ఒక దూకు

లాటిన్‌లో 'సలీరే' అంటే దుమకడం. దాని పిల్లలు ఇంగ్లిషులోకి గంతులు మానేసి, గంభీరమైన మాటలుగా వచ్చాయి. వెనక్కి ఎగిరి వచ్చేది రిజల్ట్. మీదికి దూకడం ఇన్‌సల్ట్. దాడిగా దూకితే అసాల్ట్. సంతోషంతో ఎగిరి గంతేస్తే ఎగ్జల్ట్. రోమన్ గుర్రపు ఆటల్లో ఒక గుర్రం మీంచి ఇంకో గుర్రం మీదికి దూకేవాడిని 'డెసల్టర్' అనేవారు. ఒక పని మీద నిలకడ లేనితనాన్ని చెప్పే 'డెసల్టరీ' అతడి నుంచే వచ్చింది. పదో తరగతి రిజల్ట్ కోసం ఎదురుచూసే ఇంట్లో, నలుగురిలో ఇన్‌సల్ట్ చేశాడని అలిగిన బంధువు నోట వినిపించేది ఈ పాత దూకే. సోమర్‌సాల్ట్‌లో మాత్రం పిల్లిమొగ్గ పిల్లిమొగ్గగానే మిగిలింది.

చప్పుడులో అర్థం

జంప్ 16వ శతాబ్దం మాట. దానికి పూర్వం ఈ పనంతా లీప్, స్ప్రింగ్‌లే చేసేవి. రెండు పాదాలూ నేలను తాకే చప్పుడును అనుకరించి జంప్ పుట్టిందని చాలామంది నిఘంటుకారుల అభిప్రాయం. బంప్, థంప్, స్టంప్, క్లంప్ లాంటి మాటల చివర ఇదే బరువైన 'అంప్' వినిపిస్తుంది. బౌన్స్ కూడా మొదట దబ్బుమని కొట్టడాన్నే చెప్పేది. బంతి ఎగరడం తర్వాత వచ్చింది. బౌండ్ మూలమైన ఫ్రెంచి 'బొండిర్'కు తొలి అర్థం మార్మోగడం. చప్పుడు తిరిగి వచ్చినట్టే బంతి తిరిగి రావడం రీబౌండ్ అయింది.

స్కిప్, స్కాంపర్, స్కర్రీ, స్కటిల్, స్కూట్, స్కిట్టర్ అన్నీ 'స్క'తో మొదలవుతాయి, అన్నీ చిన్న ప్రాణుల వేగమైన కదలికలే. ఫ్లిట్, ఫ్లటర్, ఫ్లాప్‌లలో రెక్కల అల్లాడింపు ఉంటుంది. స్లైడ్, స్లిదర్, స్లింక్‌లలో జారుడు. వీటన్నిటికీ ఒకే మూలం ఉండనక్కర్లేదు. స్కాంపర్ 17వ శతాబ్దంలో పారిపోవడం అనే అర్థంతో వచ్చింది. స్కర్రీ 19వ శతాబ్దంలో 'హర్రీ–స్కర్రీ' అనే జంటమాట నుంచి ఊడిపడింది. దారులు వేరైనా చెవికి ఒకే గుంపుగా వినిపించడం వల్ల అర్థంలోనూ దగ్గరయ్యాయి. ఇలా అర్థాన్ని మోసే ధ్వని ముక్కలకు బ్రిటిష్ భాషాశాస్త్రవేత్త జె.ఆర్.ఫర్త్ 1930లో 'ఫొనీస్తీమ్' అని పేరు పెట్టాడు.

ఇంకో గుర్తు క్రియ చివరి 'ల'కారం. విగిల్, రిగిల్, వాడిల్, టాడిల్, షఫుల్, టంబుల్, జిగుల్, వాబుల్ అన్నిటిలో కదలిక చిన్నది, పదేపదే జరిగేది. ఈ ప్రత్యయం పని మళ్లీ మళ్లీ జరగడాన్ని సూచిస్తుంది. తెలుగు ఇదే పనిని మాటను రెండుసార్లు అని సాధిస్తుంది. ద్విరుక్తంలో రెండోసారి పలికే మాటకు మన వ్యాకరణంలో ఆమ్రేడితమని పేరు. బాతు నడకకు ఇంగ్లిషువాడు క్రియ చివర ఒక అక్షరం తగిలించి వాడిల్ అంటే, మనం 'గునగున' అని లయ చూపిస్తాం.

ఉన్నచోటనే

చోటు మారకుండా ఒళ్లు మాత్రమే కదిలే క్రియల్లో ప్రతి దానికీ ఒక కారణం అంటిపెట్టుకుని ఉంటుంది. కుదురు లేక కుర్చీలో అటూ ఇటూ జరిగితే ఫిడ్జెట్. సిగ్గుతోనో ఇబ్బందితోనో మెలికలు తిరిగితే స్క్వర్మ్. ఇరుకులోంచి జారిపోవడానికి వానపాములా మెలితిరిగితే రిగిల్. సరదాగా నడుమో కాలి వేళ్లో ఆడిస్తే విగిల్. ప్రశ్నలకు జవాబు చెప్పలేని అధికారి స్క్వర్మ్ అవుతాడు. మాటల సందుల్లోంచి తప్పించుకుంటే రిగిల్ అయ్యాడంటారు.

నాట్యం ఈ కుటుంబానికి కొత్త మాటలు ఇస్తూనే ఉంది. ఫ్రెంచి నాట్యపు అడుగు 'షస్సే' 19వ శతాబ్దపు అమెరికన్ నోళ్లలో నలిగి 'సషే' అయింది. వయ్యారంగా నడవడం దాని అర్థం. న్యూయార్క్ హార్లెమ్‌లో పుట్టిన 'లిండీ హాప్' పేరు, 1927లో ఛార్లెస్ లిండ్‌బర్గ్ అట్లాంటిక్ మీదుగా చేసిన విమాన గంతును బట్టి వచ్చిందని చెబుతారు. 1930ల్లో జిటర్‌బగ్, జైవ్, 1960లో చబ్బీ చెకర్ పాటతో ట్విస్ట్ ఊరూరా పాకాయి. నిన్నమొన్నటి మాటగా కనిపించే 'ట్వెర్క్'ను 2015లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు చేర్చుకుంటూ, దాని పూర్వరూపం 1820 నాటికే ఉందని చూపింది.

పర్యాయపదాల్లోని తేడాలు

ఒక పచ్చిక బయలును ఊహించుకుంటే ఈ క్రియల మధ్య సరిహద్దులు తెలుస్తాయి. అప్పుడే పాలు తాగిన గొర్రెపిల్లలు ఎత్తుగా ఎగురుతూ గాంబల్ చేస్తాయి. వాటి చుట్టూ కుక్కపిల్ల ఒకటి చిన్నచిన్న కుదుపులతో ఫ్రిస్క్ అవుతుంది. నలుగురు పిల్లలు ఒకరి మీద ఒకరు పడి దొర్లుతూ అరుస్తూ ఆడితే రోంప్. అందరిలోనూ ఉన్న కేరింత మొత్తాన్ని ఒక్క మాటలో చెప్పాలంటే ఫ్రాలిక్. వాళ్లను నవ్వించడానికి తాతగారు పంచె ఎగగట్టి రెండు వింత గంతులు వేస్తే కేపర్. కొత్త బూట్లు వేసుకున్న మేనమామ అందరూ చూడాలని కాళ్లెత్తి వేస్తూ నడిస్తే ప్రాన్స్. చెట్టు మీది ఉడుత ఇదంతా చూసి తుర్రుమంటే స్కాంపర్.

ఇక్కడ మెచ్చుకోలు, ఈసడింపు కూడా క్రియలోనే ఉన్నాయి. గాంబల్, ఫ్రిస్క్‌లలో మురిపెం ఉంటుంది. పెద్ద మనిషిని ప్రాన్స్ చేశాడంటే వెటకారం. కవోర్ట్ అంటే పట్టపగ్గాలు లేని కులుకు. అందుకే సెలవుల్లో సముద్రపు ఒడ్డున పట్టుబడ్డ ప్రముఖుల గురించి రాసేటప్పుడు ఇంగ్లిషు పత్రికలకు అది ప్రీతిపాత్రం. తెలుగులో 'తైతక్కలాడటం' అన్నప్పుడు వచ్చే చులకన దానికి దగ్గరగా ఉంటుంది.

రూపాల్లో కొన్ని చిక్కులున్నాయి. లీప్‌కు భూతకాలం బ్రిటన్‌లో ఎక్కువగా 'లెప్ట్', అమెరికాలో 'లీప్డ్'. స్ప్రింగ్ ప్రాచీన పద్ధతిలో అచ్చునే మార్చుకుని 'స్ప్రాంగ్', 'స్ప్రంగ్' అవుతుంది. ఫ్రాలిక్ భూతకాలాన్ని రాసేటప్పుడు, పిక్నిక్‌కు చేసినట్టే, మధ్యలో 'కె' అక్షరం అదనంగా చేర్చాలి.

గంతు నుంచి మాటతీరుకు

ఒంటి కదలిక చెప్పే మాట మనసుకూ లెక్కలకూ పాకడం అన్ని భాషల్లోనూ ఉంది. ఇంగ్లిషులో ధరలు లీప్ అవుతాయి, గెలుపు ఖాయమైన గుర్రం గమ్యానికి రోంప్ చేస్తుంది, కోపం నషాళానికి అంటినవాడు 'హాపింగ్ మ్యాడ్'. ఈ చివరిదానికి మన 'చిందులు తొక్కడం' తోబుట్టువులా ఉంది. స్కిప్‌కు వదిలేయడం అనే అర్థమూ వచ్చింది. క్లాసు స్కిప్ చేయడం, ప్రకటన స్కిప్ చేయడం ఇప్పుడు తెలుగు మాటలే. భోజనం మానడాన్ని ఇంగ్లిషువాళ్లు స్కిప్ అంటే వింతగా అనిపించవచ్చు. కానీ సంస్కృతంలో 'లంఘనం' అంటే దూకడమూ, ఉపవాసమూ. హనుమంతుడి సముద్రలంఘనానికీ, 'లంఖణం పరమౌషధం' అన్న పెద్దల మాటకూ పునాది ఒకటే.

తెలుగు జంతువును దాచదు, ముందే నిలబెడుతుంది. తేల్చి చెప్పక తప్పించుకునేవాడిది కప్పదాటు వైఖరి. తెలిసినవాడి ముందు తెలివి ప్రదర్శించబోతే 'హనుమంతుడి ముందా కుప్పిగంతులు' అంటాం. వ్యాకరణ శాస్త్రంలోనూ కప్ప ఉంది. పాణిని సూత్రాల్లో ఒక పదం నడుమ సూత్రాలను వదిలి తర్వాతిదానికి అన్వయిస్తే వ్యాఖ్యాతలు దాన్ని మండూకప్లుతి అన్నారు. ఎన్నికల ముందు పార్టీ మారే నాయకుడు 'గోడ దూకాడు' అనేది మన పలుకుబడి. ఆ పని చేసేవారికి తెలుగు పత్రికలు పెట్టిన 'జంప్ జిలానీ' అనే పేరులో ఇంగ్లిషు గంతు తెలుగు వెటకారాన్ని తొడుక్కుంది. అప్పు తీర్చకుండా 'జంప్' అయినవాడు నిజానికి దూకనే దూకడు, మాయమవుతాడు.

క్రియలో తీరు, క్రియలో దారి

కదలికను చెప్పే వాక్యంలో రెండు సంగతులుంటాయి: ఎటు కదిలింది, ఎలా కదిలింది. ఏ భాష ఏ సంగతిని ప్రధాన క్రియలో పెడుతుందన్న దాన్ని బట్టి అమెరికన్ భాషాశాస్త్రవేత్త లెనర్డ్ టాల్మీ 1985లో భాషలను విడదీశాడు. ఇంగ్లిషు 'ఎలా'ను క్రియలో పెట్టి 'ఎటు'ను పక్క మాటలకు వదిలేస్తుంది. స్పానిష్, ఫ్రెంచి 'ఎటు'ను క్రియలో పెడతాయి. భాషా మనోవిజ్ఞానవేత్త డాన్ స్లోబిన్ దీన్ని కథల్లో పరీక్షించాడు. మెర్సర్ మేయర్ 1969లో వేసిన, మాటలు లేని కప్ప కథ బొమ్మల పుస్తకాన్ని పలు భాషలవారికి చూపి కథ చెప్పించారు. చెట్టు తొర్రలోంచి గుడ్లగూబ వచ్చే బొమ్మ దగ్గర స్పానిష్ లాంటి భాషలవారు ఎక్కువగా 'బయటికి వచ్చింది' అని ఊరుకున్నారు. ఇంగ్లిషువారు తీరు చెప్పే క్రియలను మరింత ధారాళంగా వాడారు.

ఈ కొలబద్దతో చూస్తే తెలుగు చాలావరకు స్పానిష్ వైపు ఉంటుంది. నాలుగు వాక్యాలు చూస్తే చాలు. 'బావిలోకి దూకాడు.' 'ఎగిరి కొమ్మ అందుకున్నాడు.' 'ఒక్క అంగలో కాలువ దాటాడు.' 'సంతోషం పట్టలేక గెంతాడు.' ఇంగ్లిషులో నాలుగుచోట్లా జంప్ అని సరిపెట్టవచ్చు. తెలుగు మాత్రం కిందికా, పైకా, అవతలికా, ఉన్నచోటేనా అని చూసి క్రియను ఎంచుకుంటుంది. ప్రాంతాన్ని బట్టి మాట మారినా ఈ చూపు మారదు. కోస్తాలో దూకేది తెలంగాణలో దుంకుతుంది. అక్కడ ఉరకడం అంటే పరుగే.

మరి 'ఎలా' అన్నది తెలుగు ఎక్కడ పెడుతుంది? ధ్వన్యనుకరణల్లో. చెంగుచెంగున, గబగబ, విసవిస, జరజర, రివ్వున, చివాలున, దిగ్గున, బుడిబుడి: ఈ జాబితాకు అంతు లేదు. ఇవి 'అను', 'ఆడు' లాంటి సహాయంతో క్రియలుగానూ మారతాయి, తుర్రుమంది, గిలగిలలాడింది. ఇలాంటి మాటలు ద్రావిడ, ఆర్య భాషలు రెండింటిలోనూ విస్తారంగా ఉన్నాయని, ఇది భారతదేశపు భాషల ఉమ్మడి లక్షణమని భాషాశాస్త్రవేత్త ముర్రే ఎమెనో 1969లో రాసిన వ్యాసంలో నిరూపించాడు. ఇంగ్లిషుకు క్రియల సంపద ఎంతో, తెలుగుకు ఈ చప్పుళ్ల సంపద అంత.

కదలికను చెప్పే క్రియలు చదివేటప్పుడు మెదడులోనూ ఏదో కదులుతుందని పరిశోధన సూచించింది. 2004లో ఒలాఫ్ హౌక్, ఇంగ్రిడ్ జాన్స్‌రూడ్, ఫ్రీడెమన్ పుల్వర్‌ముల్లర్ మెదడు స్కానింగ్‌తో చేసిన అధ్యయనంలో, కాలితో చేసే పనుల క్రియలను మౌనంగా చదివినప్పుడు కాళ్లను కదిలించే ప్రాంతాల దగ్గర, చేతి క్రియలకు చేతి ప్రాంతాల దగ్గర స్పందన కనిపించింది.

తెలుగులోకి తెచ్చేటప్పుడు

నిఘంటువులు ఈ క్రియలకు ఇచ్చే అర్థాలు చాలావరకు 'గంతులు వేయు', 'ఎగురు', 'ఆటలాడు' అనే మూడింటి చుట్టూ తిరుగుతాయి. అర్థం తప్పు కాదు, కానీ పచ్చిక బయలులోని గొర్రెపిల్ల, కుక్కపిల్ల, మేనమామ, ఉడుత ఒకేలా కదులుతారు. క్రియకు క్రియనే వెతికితే ఈ ఇబ్బంది తప్పదు. సమాచారాన్ని విడదీసి తెలుగు దాన్ని ఎక్కడ పెడుతుందో అక్కడ పెట్టాలి.

'ద పప్పీ స్కాంపర్డ్ అక్రాస్ ద యార్డ్' అన్న చిన్న వాక్యాన్నే తీసుకుందాం. స్కాంపర్‌లో చిన్న కాళ్లు, వేగం, కాస్త బెదురో ఉత్సాహమో ఉన్నాయి. దారి 'అక్రాస్'లో ఉంది. 'కుక్కపిల్ల వాకిట్లో పరుగెత్తింది' అంటే వేగం మిగిలి దారి పోయింది, చిన్న కాళ్లూ పోయాయి. 'కుక్కపిల్ల చిన్న కాళ్లతో వేగంగా పరుగెత్తుతూ వాకిలిని దాటింది' అంటే అన్నీ ఉన్నాయి గానీ కుక్కపిల్ల నీరసించింది. 'కుక్కపిల్ల తుర్రున వాకిలి దాటేసింది' అన్నప్పుడు దారి క్రియలోకి, తీరు చప్పుడులోకి, వేగం 'ఏసింది' అన్న తోక క్రియలోకి సర్దుకున్నాయి. అదే కుక్కపిల్ల గాంబల్ చేస్తే 'చెంగుచెంగున', ఫ్రిస్క్ అయితే 'కాళ్లకడ్డం పడుతూ తుళ్లుతూ', ప్రాన్స్ చేస్తే 'మెడ నిక్కించి అడుగులో అడుగేస్తూ' దాటుతుంది. నాలుగుసార్లూ క్రియ 'దాటింది' ఒక్కటే. మారిందంతా దాని ముందున్న మాట.